వరంగల్‌లో మల్లయ్యను మూడుసార్లు చంపాను

వరంగల్ వెళ్లొచ్చానని చెబితే అందరూ కోట తోరణాల గురించీ వేయి స్తంభాల గుడి గురించీ అడుగుతున్నారు. తోరణాలను ఆటోలోంచి చూశాను. గుడికి వెళ్లిన సాయంత్రం నా కళ్ళు సరిగ్గా తెరుచుకోలేదు. ఐదు రోజుల్లో నేను ఎక్కువసేపు చూసింది ఆరు మంచాల ఆసుపత్రి వార్డు ఒకటి. ఆ వార్డు వరంగల్‌లోనే కాదు, ఎక్కడా లేదు. కళ్ళకు పెట్టె లాంటిది కట్టుకుంటే కనిపిస్తుంది, విప్పితే పోతుంది.

నేను కాకినాడలో ఒక నర్సింగ్ స్కూల్లో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అంతకుముందు ఎనిమిదేళ్లు వార్డుల్లో పనిచేశాను. నా పేరు వరలక్ష్మి. పిల్లలు నా వెనకాల ‘మైకు మేడం’ అంటారని తెలుసు. గొంతు పెద్దది కాబట్టి అంటున్నారనుకునేదాన్ని.

పోయిన ఏడాది మా స్కూలుకి ఒక ట్రస్టు వాళ్ళు నాలుగు వర్చువల్ సిమ్యులేషన్ సెట్లు ఇచ్చారు. అసలు మనిషి ఒంటి మీద సూది పెట్టేముందు, చేయాల్సిన తప్పులన్నీ పిల్లలు బొమ్మ రోగి దగ్గరే చేసేస్తారని వాటి ఉద్దేశం. వాడడం ఎవరికీ రాక అవి బీరువాలో ఉండిపోయాయి. చివరికి ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది: మీ టీచర్లలో ఒకరు వరంగల్ వచ్చి ఐదు రోజుల శిక్షణ తీసుకుని పరీక్ష పాసవ్వాలి, లేకపోతే సెట్లు వేరే స్కూలుకి పంపించేస్తాం అని. వెళ్లాల్సిన కుర్ర టీచరు పురిటికి పుట్టింటికి వెళ్లింది. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, “మీకు అనుభవం ఉంది కదా” అన్నారు. అప్పటికి నాకు ఫోన్లో ఫొటో పంపడం మాత్రమే వచ్చు.

నెక్కొండలో ఎక్కిన అమ్మాయి

తెల్లారేసరికి రైలు మహబూబాబాద్ దాటింది. మా వైపు లాగ కాలవలూ కొబ్బరిచెట్లూ లేవు. పత్తి ఏరేసిన చేలు, ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, మధ్యమధ్య ఎవరో తెచ్చి పేర్చినట్టున్న గుండ్రాళ్ల గుట్టలు.

నెక్కొండలో ఒకమ్మాయి ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ముప్పై లోపే ఉంటాయి. భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా. నేను కాజా పెట్టాను. తీసుకుంది.

“ఏం చేస్తుంటావమ్మా?” అని అడిగాను.

“నేను ట్రైనింగ్ సెంటర్ల...”

“నేనూ ట్రైనింగుకే వెళ్తున్నానమ్మా, ఈ వయసులో” అని మొదలుపెట్టాను. రోగి నాడి పట్టుకుని నేర్చుకోవాల్సిన విద్య కళ్ళకు గంతలు కట్టుకుని ఎలా వస్తుందో చెప్పమన్నాను. వీడియో గేములాడి నర్సులవుతారా అన్నాను. కంప్యూటర్ నొక్కడం వచ్చిన కుర్రకారు మాకు నర్సింగ్ నేర్పుతారట, వాళ్ళు సిరంజి ఎప్పుడైనా పట్టుకున్నారో లేదో అన్నాను. మంచం పరిచే పద్ధతి కూడా చెప్పాను, సందర్భం ఏమిటో ఇప్పుడు గుర్తులేదు.

ఆ అమ్మాయి కాజా నములుతూ “అవు మేడం” అంటూ వచ్చింది. వరంగల్లో దిగేటప్పుడు, “మీ స్వీటు మంచిగున్నది మేడం” అని చెప్పి జనంలో కలిసిపోయింది. పెద్దల మాట శ్రద్ధగా వినే పిల్ల అనుకున్నాను.

పది గంటలకు శిక్షణ గదిలో పన్నెండు మందిమి కూర్చున్నాం. తెల్ల కోటు వేసుకుని ఆ అమ్మాయే లోపలికొచ్చి బోర్డు మీద ‘శ్రీలత, శిక్షకురాలు’ అని రాసింది. నేను బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు తల దించేశాను.

“కాకినాడ మేడం పొద్దుగాల రైల్ల కాజ పెట్టిన్రు. మస్తుండె” అని అందరికీ చెప్పింది. మిగతాదేమీ చెప్పలేదు. ఆమె నాలుగేళ్లు ఐసీయూలో నర్సుగా పనిచేసి ఈ పనిలోకి వచ్చిందని తర్వాత ఎవరో చెప్పారు.

లోపలి చేతులు, బయటి చేతులు

పెట్టె నా కళ్ళకు కట్టి, రెండు చేతుల్లో మీటలున్న రెండు పిడులు పెట్టింది శ్రీలత. “లోపట మీకు వార్డు కనబడ్తది మేడం. భయపడకుండ్రి, నేను పక్కనే ఉంట.”

నిజంగానే వార్డు కనిపించింది. ఫ్యాను తిరుగుతోంది. మూడో మంచం మీద మల్లయ్య అనే యాభై ఏళ్ల రైతు. కాలికి పుండు, జ్వరం. నుదుటి మీద చెమట బొట్లు కూడా ఉన్నాయి. “మేడం, కాలు మస్తు గుంజుతాంది” అన్నాడు. మనం మాట్లాడితే వింటాడు, ఆగితే తను మాట్లాడతాడు. అతనికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాలి, అదీ పని.

నేను మంచం దగ్గరికి వెళ్లబోతే గంట మోగింది. చేతులు కడుక్కోలేదట.

“ఇప్పుడే కదమ్మా సబ్బుతో కడుక్కొచ్చాను.”

“గవి బయటి చేతులు మేడం. లోపటి చేతులు గూడ కడగాలె.”

లోపలి చేతులు కడుక్కున్నాను. రోగి పక్కన కూర్చుని మాట్లాడడం నా పద్ధతి. మంచం పక్కన స్టూలు కనిపించింది. కూర్చున్నాను. స్టూలు లోపల ఉంది, నేను బయట ఉన్నాను. గచ్చు మీద పడిన చప్పుడుకి పక్క గదిలోంచి కూడా మనుషులొచ్చారు. నడుము పట్టుకుని లేచేసరికి మల్లయ్య నా వైపు చూస్తూనే ఉన్నాడు, “కాలు గుంజుతాంది మేడం” అంటూ.

వివరాలడిగాను, ధైర్యం చెప్పాను, పరీక్ష కోసం ముందు చర్మం కింద చిన్న డోసు వేశాను. అంతకే అతని ముఖం ఉబ్బింది. ఊపిరి ఆడలేదు. ప్రాణం నిలిపే అడ్రినలిన్ సూది ఉన్న డ్రాయరు తెరవబోయి వేరే మీట నొక్కి అతని దుప్పటి లాగేశాను. రెండోసారి నొక్కితే కిటికీ తెరుచుకుంది. ఎదురుగా ఎర్రక్షరాలు వచ్చాయి: రోగి మరణించాడు. మళ్లీ ప్రయత్నిస్తారా?

ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

కొత్తవాడ

హాస్టల్లో గదులు ఖాళీ లేక నాకు కొత్తవాడలో ఒక నేతవారి ఇంటి మేడ మీద గది చూశారు. కింద ముందుగదిలో మగ్గం. ఇంటాయన వీరస్వామి జంపఖానాలు నేస్తారు. ఆయన భార్య సరోజన నూలు కండెలు చుట్టి ఇస్తుంది, వంట చేస్తుంది, నా నడుముకి వేడినీళ్ల కాపడం కూడా పెట్టింది. ఇద్దరూ అరవైకి అటూ ఇటూ.

“కాకినాడల సముద్రముంటదట గద మేడం, రోజు జూస్తరా?” అని అడిగారు వీరస్వామి.

ఇన్నేళ్లలో పట్టుమని పదిసార్లు వెళ్లలేదని ఒప్పుకున్నాను.

“నేను గూడ కోట దిక్కు పోక ఏండ్లాయె” అన్నారు. ఇద్దరికీ మనసు తేలికపడింది.

ఆ పూట సరోజన సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి గిన్నె లోపలి అంచులకంటా అద్ది, వేళ్లతో చిల్లులు పెట్టి వాటిలో నూనె పోసి మూతపెడతారు. అడుగు కరకరలాడుతుంది, పైన మెత్తగా ఉంటుంది. పెసరట్టు తిని పెరిగినదాన్ని, అయినా మూడు తిన్నాను.

“సొరకాయ కోరి ఏసిన, అందుకే మెత్తగున్నది” అంది.

అదేం కాయో చూపించమన్నాను. తెచ్చింది. “ఓహో, ఆనపకాయా” అన్నాను.

“ఆనపకాయేంది? అనపకాయలంటే చిక్కుడు తీర్గుంటయ్ గద.”

మా ఊళ్లో ఇదే ఆనపకాయ అని నేను, సొరకాయని పట్టుకుని చిక్కుడంటారా అని ఆమె. వీరస్వామి మగ్గం ఆపి, కూర వండినంక పేరెవరడుగుతరు, తినుండ్రి అన్నారు.

ఎనుమాముల

వరంగల్ వెళ్లి మిరపకాయలు తేకపోతే మా ఇంట్లో ఊరుకోరు. రెండో రోజు పొద్దున్నే సరోజన నన్ను ఆటోలో ఎనుమాముల మార్కెట్టుకి తీసుకెళ్లింది. గేటు ఇంకా చాలా దూరం ఉండగానే తుమ్ములు మొదలయ్యాయి. ఆటో అతను తుమ్మడు, సరోజన తుమ్మదు, నేనొక్కదాన్నే. లోపల కనుచూపు మేరా ఎర్ర బస్తాలు. మాటలన్నీ అరుపులే. టమాటాల్లా ఉబ్బిన చపాటా రకం చూపించింది ఆమె. రంగు ఎక్కువ, కారం తక్కువ. చేత్తో నలిపి, వాసన చూసి, గింజలు నాలిక మీద వేసుకుని, బేరం ఆడి రెండు కిలోలు తీసుకున్నాను. చెప్పిన ధర మా ఊరి ధర కంటే తక్కువే, అయినా బేరం ఆడకుండా ఎలా ఉంటాం.

వెనక్కి తిరిగి చూస్తే సరోజన ఒక బస్తా మీద తల పట్టుకుని కూర్చుంది.

“కండ్లకు చీకట్లస్తానయ్ చెల్లె” అంది. అప్పుడే నేను మేడం నుంచి చెల్లెనయ్యాను.

“పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చావు, నీళ్లు తాగలేదు, పైగా ఈ ఘాటు. కళ్ళు తిరగవా మరి?”

“అది గాదు, గోలీలు...”

“ఏ గోలీలు వేసుకున్నా కడుపులో ఏదో ఒకటి పడాలి అక్కా. నిమ్మకాయ నీళ్లలో కాస్త ఉప్పు వేసుకుని తాగు, అదే పోతుంది.” బండి దగ్గర నిమ్మకాయ షర్బతు ఇప్పించాను. ఆమె తాగింది. నా వైద్యం నాకు నచ్చింది.

అక్కడి నుంచి తిన్నగా శిక్షణకి వెళ్లాను. చేతులు కడుక్కోలేదు, బయటివి. పెట్టె కట్టుకునేముందు కళ్ళు తుడుచుకున్నాను.

అర నిమిషంలో రెండు కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. మల్లయ్య కనబడ్డం లేదు, వార్డంతా నీళ్లలో మునిగినట్టుంది. పెట్టె విప్పితే మంట ఒప్పుకున్నట్టవుతుందని పంతం పట్టి అలాగే పని చేశాను. రెండోసారి కూడా చనిపోయాడు. పెట్టె విప్పేసరికి నా చెంపల మీద ధారలు. గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు.

“మేడం, మల్లయ్యది నిజం పానం గాదు, ఏడ్వకుండ్రి” అంది శ్రీలత మెల్లగా. ఒకావిడ లేచి రుమాలు ఇచ్చింది. ఆ రోజంతా అందరూ నాతో చాలా గౌరవంగా మాట్లాడారు. మిరపకాయల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం గుడిలో ఒక పెద్దాయన కూడా నా కళ్ళు చూసి, ఇంత భక్తి ఈ కాలంలో ఎక్కడిదమ్మా అన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

చనిపోయినతని చాయ్

మూడో రోజు పొద్దున క్యాంటీన్లో కూర్చున్నాను. అక్కడ టీ అంటే ఎవరూ పలకరు, చాయ్ అనాలి. చిన్న కప్పు, పది రూపాయలు, రెండు గుక్కలు.

“మేడం, చక్కెర తక్కువెయ్యాల్నా?” అని వెనక నుంచి వినబడింది.

కప్పు కింద పెట్టాను. అది మల్లయ్య గొంతు. తిరిగి చూస్తే బట్టతల, బొజ్జ, భుజం మీద తువ్వాల. ముఖం మాత్రం మల్లయ్యది కాదు.

“లింగన్న మేడం, క్యాంటీన్ నాదే. మల్లయ్య గొంతు గూడ నాదే. శ్రీలత మేడం అడిగితే ఇచ్చిన. ఒక్క దినమంత కూసోబెట్టి మూలిగిచ్చిన్రు.” టేబులు తుడుస్తూ మామూలుగా అన్నాడు, “నిన్న మల్ల మీ చేతిలనే పోయిన్నట గద.”

క్షమించమన్నాను.

“ఫికర్ జేయకుండ్రి. ఆదిలాబాద్ సారు చేతిల నాలుగుసార్లు పోయిన. సారు చాయ్ తాగుతానికి గూడ వస్తలేడు.”

ఆ పూట కళ్ళు బాగున్నాయి, మీటలు బాగా వచ్చాయి, లోపలి చేతులు రెండుసార్లు కడిగాను. స్టూలు జోలికి పోలేదు. అడ్రినలిన్ డ్రాయరు కూడా తెరిచాను, కానీ అప్పటికి ఆలస్యమైంది. మల్లయ్య మూడోసారి చనిపోయాడు. బయట లింగన్న ఎవరినో కేకేస్తున్న గొంతు వినబడుతూనే ఉంది.

నా మాటలు నేనే విన్నాను

మధ్యాహ్నం శ్రీలత నన్నొక్కదాన్నే పిలిచింది. “మూడుసార్లు ఒక్కతీర్గనే పోయిండు మేడం. ఎందుకో సూద్దాం రాండ్రి.”

లోపల జరిగిందంతా ఆ యంత్రం రికార్డు చేస్తుందట. మాటలతో సహా. శ్రీలత మొదటి రోజుది పెట్టింది.

నా గొంతు: “నీకు అలర్జీలేమీ లేవు కదా?”

మల్లయ్య: “గవేం లేవు మేడం. అయితే పోయినేడు సూదేసినప్పుడు...”

నా గొంతు: “సూదికి భయపడితే ఎలా మల్లయ్యా? మగాడివి.”

రెండో రోజుది పెట్టింది.

“అలర్జీ ఉందా ఏదైనా?” “లేదు మేడం. గని పోయినేడు సూదేసినప్పుడు నా మూతి...” “మూతి పొడిగా ఉందా? నీళ్లు తాగు. జ్వరంలో నీళ్లు బాగా తాగాలి.”

మూడో రోజు కూడా అంతే. పోయినేడు ఇదే ఇంజెక్షన్ చేస్తే మూతి వాచిందని చెప్పడానికి అతను మూడుసార్లు నోరు తెరిచాడు. అతనికి అలర్జీ అనే మాట తెలియదు. నాకు ఆగడం తెలియదు.

శ్రీలత ఏమైనా అంటుందేమో, అంటే దెబ్బలాడదామని చూశాను. ఆమె, నేను ఏమంటానో అని ఎదురు చూస్తూ కూర్చుంది.

“శ్రీలతా, రైల్లో నేను నిన్ను ఏం చేస్తుంటావని అడిగానా?”

“అడిగిన్రు మేడం.”

“నువ్వు చెప్పావా?”

“మొదలువెట్టిన” అంది.

నవ్వొచ్చింది, నవ్వాను కూడా. తర్వాత వార్డుల రోజులు గుర్తొచ్చాయి. ఎనిమిదేళ్లు వార్డుల్లో తిరిగాను. ‘అయితే పోయినేడు’ అని మొదలుపెట్టి నా ధైర్య వచనాలు విని ఊరుకున్నవాళ్లు ఎంతమందో. వాళ్లది ఏ యంత్రమూ రికార్డు చేయలేదు. అంతకంటే బాధ ఏమిటంటే, ఇలా మాట్లాడాలని ఇరవై రెండేళ్లుగా పిల్లలకు నేనే నేర్పుతున్నాను.

రెండు డబ్బాలు

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి సరోజన గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. మళ్లీ కళ్ళు తిరిగాయట. నిమ్మకాయ నీళ్లు ఉప్పు వేసుకుని తాగానని చెప్పింది.

ఆమె పక్కన కూర్చున్నాను. “అక్కా, ఈ కళ్ళు తిరగడం ఎలా మొదలైందో చెప్పు” అని అడిగి నోరు మూసుకున్నాను. ఇది చదివే వాళ్ళకు చిన్న విషయంగా కనిపించవచ్చు. నాకు కష్టమైంది. ఆమె ముందు నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పింది. పక్కింటావిడ మేక చీర తిన్న సంగతి చెప్పింది. వర్ధన్నపేటలో ఉన్న చెల్లెలి మోకాళ్ల నొప్పులు చెప్పింది. మోకాళ్లకు ఏం చేయాలో నాకు తెలుసు. నాలిక కొరుక్కుని కూర్చున్నాను. ఆమె ఆగింది. నేనూ ఆగాను. మగ్గం చప్పుడు తప్ప ఏమీ లేదు.

“బీపీ గోలీలేసుకున్నంక గిట్లయితాంది చెల్లె” అంది చివరికి. “నాయి ఒక్కటే ఏసుకుంటే మంచిగనే ఉంటుండె. ఆయినెయి గూడ ఏసుకోవట్టిన కాడికెళ్లే.”

“ఆయనవా? ఆయనవి నువ్వెందుకు...”

ఆపుకున్నాను. ఆమె మగ్గం వైపు చూసి గొంతు తగ్గించింది. “ఆయిన ఏసుకుంటలేడు. డబ్బల అట్లనే పెడ్తాండు. నేను జూసిన. సర్కారు మందులాయె, పారేస్తే పాపం గద. అందుకే నేనే మింగుతాన్న.”

లోపలికెళ్లి రెండు డబ్బాలు తెచ్చింది. ఒక్కోదానిలో ఒక్కో రకం బీపీ మాత్రలు. రెండు నెలలుగా రెండూ ఆమే వేసుకుంటోంది. నేను నా సంచిలోంచి బీపీ మిషను తీశాను. ఆమెకు తొంభైకి యాభై ఐదు. వీరస్వామిని మగ్గం మీది నుంచి లేపి కట్టాను. నూట తొంభైకి నూట పది.

“మీ ఇద్దరిదీ కలిపి సగం చేస్తే సరిగ్గా సరిపోతుంది” అన్నాను. నవ్వించడానికి అన్నాను. బీపీ ఉన్న మనిషిని ఉప్పు నీళ్లు తాగమన్నదాన్ని నేనే. ఇంకో నాలుగు రోజులు ఇలాగే సాగితే ఆమె మేడ మెట్ల మీద పడేది, ఆయన మగ్గం మీదే ఒరిగిపోయేవారు.

వీరస్వామిని కూడా అలాగే అడిగాను, అలాగే ఆగాను. ఆయన చాలాసేపు తువ్వాల మడతలు పెట్టారు. “గా గోలి ఏసుకుంటే ఊకె ఒంటికొస్తది మేడం. గంటకు నాలుగుసార్లు మగ్గం ఇడిసి లేవాలె. పోగు తెగుతది, పని ఆగుతది. డాక్టర్ సారుకు ఎట్ల జెప్పాలె? ఆడోళ్లుంటరు ఆడ” అన్నారు.

సరోజన ఆయన వైపు తిరిగింది. “నాకు జెప్పొచ్చు గద.”

“నువ్వు గూడ జెప్పలే గద మింగుతాన్ననని” అన్నారు ఆయన.

బస్తీ దవాఖాన

మర్నాడు పొద్దున వాళ్ళిద్దరినీ పేటలోని సర్కారు క్లినిక్కు, అదే బస్తీ దవాఖానకు, తీసుకెళ్లాలి. అదే సమయానికి శిక్షణలో తప్పక హాజరవ్వాల్సిన తరగతి ఉంది. అది తప్పితే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. శ్రీలతకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. సెట్లు వేరే స్కూలుకి పోతాయని మా ప్రిన్సిపాల్ గారి ముఖం కళ్ళ ముందు కనబడింది. అయినా రాలేనని చెప్పేశాను.

“దవాఖానకు పోయి రాండ్రి మేడం. లంచ్ టైంల ఆ తరగతి మీ ఒక్కరికే చెప్త, హాజరు బుక్కుల రాసుకుంట” అంది శ్రీలత.

దవాఖానలో డాక్టరమ్మ కుర్రది. వీరస్వామి నోరు విప్పలేదు. నేను చెప్పేద్దామని రెండుసార్లు గాలి పీల్చి వదిలాను. మూడోసారి సరోజన ఆయన మోచేతిని పొడిచింది. అప్పుడు ఆయనే గోడవైపు చూస్తూ మొత్తం చెప్పారు. డాక్టరమ్మ నవ్వలేదు. నేతపని వాళ్ళు అంతసేపు ఒక్కచోటే కూర్చుంటారని తనకు తట్టలేదంది. మూత్రం ఎక్కువ చేయని మాత్ర రాసింది. సరోజనకు తనవి మాత్రమే రాసి, ఎవరి డబ్బా మీద వాళ్ళ పేరు పెద్దక్షరాలతో రాయించింది.

బయటికొచ్చాక సరోజన అడిగింది, “మరి ఆయినెయి పాత గోలీలు ఇంక పదున్నయి. ఏం జెయ్యాలె?”

ఫార్మసీలో తిరిగిచ్చేదాకా నేను ఆమెను కదలనివ్వలేదు.

ఐదో రోజు

పరీక్షలో మల్లయ్య లేడు. కొత్త రోగి, నెలలు నిండిన ఒక అమ్మాయి, పేరు రజిత, తలనొప్పి అంటుంది. చేతులు కడిగాను, అవి లోపలివి. పేరు అడిగాను. “నీకు ఏమనిపిస్తోందో చెప్పమ్మా” అన్నాను. ఆగాను.

రజిత ఏమీ అనలేదు. నా వైపు చూస్తోంది. తొందర పెట్టకూడదనుకున్నాను. పాపం, భయపడుతోందనుకున్నాను. ఇంకా ఆగాను. నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది పెళ్లిపీటల మీద కూడా లేదు. కాళ్ళు లాగాయి. ఆమె రెప్ప కూడా వేయడం లేదు. ఎంత ఓపికో ఈ పిల్లకి అనుకున్నాను.

నాలుగు నిమిషాలయ్యాక శ్రీలత నా భుజం తట్టింది. “మేడం, సిస్టం హ్యాంగయ్యింది.”

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి రజిత మాట్లాడింది. తలనొప్పి అంది, పుల్లలూ నీళ్లూ మోశానంది, అత్త తిట్టిందంది, ఆగింది. నేను ఆగాను. “కండ్ల ముందల మిణుగురులు తిరిగినట్టు కనబడ్తానయ్ మేడం” అంది. అది వినగానే ఏం చేయాలో నాకు తెలుసు, బీపీ చూశాను, డాక్టరును పిలిచాను. కాన్పు ముందు వచ్చే ఫిట్లు, అదే గుర్రపువాతం, రాకముందే పట్టుకున్నాను. రజిత బతికింది. నాకు డెబ్బై ఆరు మార్కులొచ్చాయి. ఒకసారి చేతులు కడగడం మరిచిపోయానని కొన్ని, మందుల బల్లను ఢీకొట్టానని కొన్ని తగ్గించారు.

సర్టిఫికెట్ ఇస్తూ శ్రీలత ఏమైనా చెప్పమంది. గదిలో అందరూ పెద్ద ఉపన్యాసానికి సర్దుకుని కూర్చున్నారు. థాంక్స్ అని చెప్పి కూర్చున్నాను.

వచ్చాక

కాకినాడ వచ్చి నెల దాటింది. మా పిల్లలు ఇప్పుడు వారానికి మూడు రోజులు మల్లయ్యను చంపుతున్నారు. నేను వెనక కుర్చీలో కూర్చుని వాళ్ళ రికార్డులు వాళ్ళకు వినిపిస్తాను. తర్వాత వాళ్ళు మాట్లాడేదాకా ఊరుకుంటాను. మొదటి వారం వాళ్ళకు నా ఆరోగ్యం గురించి అనుమానం వచ్చింది.

మొన్న ఆదివారం సరోజన ఫోన్ చేసింది. ఎలా ఉన్నావక్కా అన్నాను. ఆయన గోలీ తన ముందే మింగి నోరు తెరిచి చూపిస్తున్నారట. ఎనుమాములలో మిర్చి ధర పడిపోయిందట. మేక ఈసారి జంపఖానా అంచు నమిలిందట. తర్వాత కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

“మొన్న ఆయినకు ఎడమచెయ్యి ఒక పూటంత తిమ్మిరెక్కింది చెల్లె” అంది మెల్లగా. “మల్ల దానంతటదే పోయింది. చిన్నదే గద అని నీకు జెప్పుదామా వద్దా అనుకున్న.”

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చెప్పాల్సినవి నోటి నిండా వచ్చాయి. ఇంకా ఏమైనా ఉందేమోనని ఆగాను.

“ఏంది చెల్లె, లైన్ కట్టయ్యిందా?”

“లేదక్కా, వింటున్నాను. అదే పూట మాట కూడా తడబడిందా?”

“నీకెట్ల ఎరుక?” అంది.

పక్షవాతం ముందుగా చేసే హెచ్చరిక అది. ఆ గంటలోనే ఫోన్ మీదే చెప్పి ఇద్దరినీ ఆటో ఎక్కించి పెద్ద దవాఖానకు పంపించాను. సమయానికి తీసుకొచ్చారని అక్కడి డాక్టరు అన్నాడట. ఆయన ఇప్పుడు బాగున్నారు. నిన్న ఫోన్లో మగ్గం చప్పుడు వినిపించింది.